జీడిగింజకు తాతల చింత

మా ముత్తాత జగన్నాథ దొర. సోంపేటకీ సముద్రానికీ నడుమ మూడు ఊళ్ళకి మొఖాసాదారు. ఆ ఊళ్ళ శిస్తు నేరుగా మా ఇంటికే చేరేది. తాత నీలాద్రి దొర. ఏటా దసరాకి మా సావిడిలో కవుల్ని కూర్చోబెట్టి, పద్యాలు చదివించి, శాలువాలు కప్పేవారు. విజయనగరం నుంచి, పర్లాకిమిడి నుంచి, బరంపురం నుంచి కూడా బళ్ళు కట్టుకుని వచ్చేవారట. నాన్న వాసుదేవ దొర. ఆయన కాలానికి మొఖాసాలు పోయి, దొర అన్న మాట ఒక్కటి మిగిలింది. ఇంటిపేరు రాయను. ఒంటిపేర్లు చాలు. మా తోటల సీమ ఉద్దానంలో బాగా ముసలివాళ్ళు ఎవరైనా ఇది చదివితే పోల్చుకుంటారు. పోల్చుకోనీ.

ఈ మూడు పేర్లలో ఒకదాన్ని నేను ఒక రోజు సభలో, నలుగురి ముందు, వేరొకరి పేరు చెప్పవలసిన చోట చెప్పాను. అంతే నేను చేసింది. రాస్తే ఒక్క వాక్యం. ఆ ఒక్క వాక్యాన్ని ఇన్నేళ్ళు ఎవరికీ చెప్పకుండా మోశాను. నా భార్యకి చెప్పలేదు. పిల్లలకి చెప్పలేదు. మీరెవరో నాకు తెలీదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

అరవైల చివరి సంవత్సరాలు. నాన్న పోయారు. అమ్మని ఊళ్ళో ఉంచి నేను పలాస వచ్చాను. జీడిపప్పు కార్ఖానాలో కాటా దగ్గర పని దొరికింది. పెంకు కొట్టి పొట్టు ఒలిచే ఆడవాళ్ళు తెచ్చిన పప్పు తూచి, బరువు కేకేసి చెప్పడం నా ఉద్యోగం. ఇస్త్రీ చొక్కా వేసుకుని, వీపు నిటారుగా పెట్టి నిలబడేవాణ్ణి. కుర్చీ ఇచ్చినా కూర్చునేవాణ్ణి కాను. కూర్చుంటే గుమాస్తాని, నిలబడితే ఎవరినో నాకే తెలిసేది కాదు గానీ గుమాస్తాని మాత్రం కాను అనుకునేవాణ్ణి.

"దొరబాబూ, ఆ ముల్లుని కాసింత మా వైపు సూడమనండి. మీ మాటయితే ఇంటాది" అనేది ఒకామె.

"ఊరుకోయే, ముల్లుకి దొరలంటే భయమేటి?" అనేది పక్కనున్నామె.

అందరూ నవ్వేవారు. వాళ్ళ వేళ్ళు పెంకు నూనెకి నల్లగా మాడిపోయి ఉండేవి. అవి చూసి నేను తల తిప్పుకునేవాణ్ణి. జాలి వల్ల కాదు. నా వేళ్ళు కూడా అలా అయిపోతాయేమోనని.

పలాసని ఆనుకున్న కాశీబుగ్గలో ఒక పెంకుటింట్లో గది తీసుకున్నాను. పక్క వాటాలో యాకోబు మాస్టారు ఉండేవారు. మిషను బడిలో తెలుగు చెప్పేవారు. పొడుగైన మనిషి, దారంతో కట్టుకున్న కళ్ళజోడు, వీధి చివరికి వినిపించే గొంతు. ఆ గొంతంటే ఆయనకి బాగా గర్వం. ఆదివారం ప్రార్థనలో ఏ గొంతుతో కీర్తనలు పాడేవారో, సోమవారం బడిలో అదే గొంతుతో పద్యాలు చదివేవారు. వీధిలో పోయేవాళ్ళు సైకిల్ దిగి వినడం నేను చూశాను. తరగతిలో పుస్తకంలా మాట్లాడేవారు. గుమ్మం దాటి అరుగు మీదకి వస్తే మాత్రం వాళ్ళ ఊరి మాటే.

నాకప్పుడు పద్యాల పిచ్చి. పిచ్చి అనడం సరికాదు. కార్ఖానాలో పోయిన పరువుని సాయంత్రం గదిలో కూర్చుని తిరిగి కట్టుకుంటూ ఉండేవాణ్ణి. ముత్తాత మీద ఒక శతకం మొదలుపెట్టాను. ఒక సాయంత్రం పైకి చదువుకుంటుంటే గోడ అవతల నుంచి నవ్వు వినపడింది. తర్వాత మనిషే గుమ్మంలోకి వచ్చారు.

"బాబూ, జగన్నాథ దొరగారిని ఏనుగెక్కించీసేరు. ఉద్దానంలో ఏనుగెక్కడిదండి?"

మా ముత్తాతకి ఏనుగు లేదని ఒప్పుకోవలసి వచ్చింది.

"మరెందుకెక్కించేరు? అలవాటు లేని మనిషి, పడిపోగల్రు."

నాకు ఒళ్ళు మండింది. మా వంశాన్ని ఎవరూ అలా అనగా నేను వినలేదు. మొహం మీద తలుపు వేసేసేవాణ్ణే. కానీ ఆయన వెళ్ళకుండా అక్కడే గుమ్మానికి ఆనుకుని, నా పద్యం ఒక్కసారి విన్నదే, మొత్తం తన గొంతుతో చదివారు. నా పద్యం ఆ గొంతులో ఎంత బాగుందో. ఏనుగు కూడా నిజంగానే నడిచింది. చదివాక అన్నారు: "నడక బావుంది. సెయ్యి తిరిగింది మీకు. కానీ ఇందులో మీరెక్కడున్నారు? మీ ముత్తాత గురించి ఆయన కవులు ఎప్పుడో రాసీసేరు కదా. మీరు సూసింది మీరు రాయండి."

ఆయన నాకు పెట్టిన నియమం చాలా చిన్నది. పొద్దున్న లేవగానే, ముందురోజు నా కళ్ళతో చూసిన ఒక్క సంగతిని ఒక్క పాదంలో పెట్టాలి. తాతలు రాకూడదు. దేవతలు రాకూడదు. సాయంత్రం ఆ పాదం ఆయనకి వినిపించాలి. వాళ్ళ అరుగు మీది బెంచీపై వేళ్ళతో తాళం వేస్తూ వినేవారు. బాగుంటే తాళం సాగేది. బాగులేకపోతే వేళ్ళు ఆగిపోయేవి. ఆ వేళ్ళు ఆగడం కంటే కార్ఖానాలో వెక్కిరింపులే నయం.

మొదట్లో రాయడానికి ఏమీ కనపడలేదు. తర్వాత కనపడటం మొదలైంది. పెనం మీద కాలుతున్న జీడిగింజ చిటపటమని నూనె కక్కడం. ఇంజను షెడ్డు వైపు నుంచి వచ్చే బొగ్గుపొగా కార్ఖానా పొగా రైలుకట్ట మీద కలవడం. ఒలుపులామె పాపకి పాలిచ్చేముందు వేళ్ళని బూడిదతో రుద్ది రుద్ది కడుక్కుని, ఆ పైన కొబ్బరినూనె రాసుకోవడం. తల తిప్పుకున్న చోటికే మళ్ళీ తల తిప్పి చూడవలసి వచ్చింది. చూసింది రాశాను. రాసింది నిలిచింది. ఒక రోజు కాటా దగ్గర నిలబడి ఉంటే, నా వీపు నేను నిటారుగా పెట్టకుండానే నిటారుగా ఉందని గమనించాను. మీకు ఇది నవ్వుగా అనిపించవచ్చు. నాకు పుట్టుకతో వచ్చినవి చాలా ఉన్నాయి, అన్నీ తరిగిపోతున్నవే. నేను సంపాదించింది ఆ పాదాలొక్కటే. రోజుకొకటి పెరుగుతోంది. ఒలుపులామె "దొరబాబూ" అని పిలిస్తే ఆ రోజు నుంచి నేనూ నవ్వేవాణ్ణి.

ఇది ఆయన ఇచ్చింది. ఎవరిచ్చారో చెప్పవలసిన చోట నేను చెప్పలేదు. కానీ అక్కడికి వచ్చేముందు ఇంకో రెండు సంగతులు చెప్పాలి. చెప్పకపోతే నేను చేసింది ఆ ఒక్క రోజే చేసినట్టు అవుతుంది.

మాస్టారి భార్య మరియమ్మగారు. నేను వెళ్ళిన మొదటి రోజుల్లో టీ తెచ్చి పెట్టేవారు. నేను ముట్టుకునేవాణ్ణి కాను. కారణం నేను చెప్పలేదు, ఆవిడ అడగలేదు. మాలవాడలో పుట్టి మిషను బడిలో చదువుకున్న వాళ్ళు. వాళ్ళకి ఎవరూ చెప్పనక్కర్లేదు. కొన్నాళ్ళకి టీ రావడం మానేసింది. ఒక వర్షాకాలం సాయంత్రం, నేను రాసిన పాదం విని మాస్టారు చాలాసేపు తాళం ఆపలేదు. ఆ సంతోషంలో లోపలికి చూసి, "మరియమ్మగారూ, టీ ఉందా?" అని అడిగాను. ఆవిడ గ్లాసు తెచ్చి నా చేతికి ఇవ్వకుండా బెంచీ మీద పెట్టి, నా మొహం చూస్తూ నిలబడ్డారు. తాగాను. అంతా తాగాను. మా వంశంలో నాకు ముందెవరూ చెయ్యని పని చేశాననుకున్నాను. ఆ రాత్రంతా నా గొప్పతనం నాకే ముద్దొచ్చింది. ఒక టీ తాగి అంత గర్వపడ్డవాడు ఏం మారినట్టు?

రెండోది. మా సావిడిలో కవులకి సన్మానాలు జరిగిన చోటు చూడాలని ఆయనే అడిగారు. ఒక ఆదివారం, ప్రార్థన అయ్యాక, సోంపేట బస్సెక్కి, అక్కడి నుంచి తోటల్లో నడిచి వచ్చాం. సావిడి గడప దగ్గరికి రాగానే ఆయన ఆగారు. మాకు ఇంకేమీ మిగలకపోయినా ఆ తలుపులు మిగిలాయి. నల్లటి టేకు, ఇత్తడి గుబ్బలు, మోకాలెత్తు గడప. ఆయన అరుగు మీదే నిలబడి మెడ చాచి లోపలికి చూశారు.

"ఇక్కణ్ణుంచే బాగా కనపడతంది బాబూ" అన్నారు.

లోపలికి రండి అని నేను అనాలి. నోట్లో మాట ఉంది. లోపల అమ్మ ఉంది. నేను అనలేదు. అరుగు మీద గాలి బాగుంటుందని అన్నాను. అమ్మ కొబ్బరిబొండాం పంపింది. బొండాం అయితే గ్లాసు అక్కర్లేదు. ఆ తెలివి మా ఇంట్లో తరతరాలది. ఆయన బొండాం ఎత్తి తాగి, మూతి తుడుచుకుని, "నీలాద్రి దొరగారు ఎక్కడ కూసునేవోరు?" అని అడిగారు. గడప దాటి లోపలికెళ్ళి చూపించాను. "పద్యం ఇంటన్నప్పుడు నిద్దరోయేవోరేటి?" నిజంగానే నిద్రపోయేవారని నాన్న చెప్పేవారు. మా తాతకి పద్యం వినడం వచ్చునో రాదో నాకు తెలీదు, శాలువా కప్పడం వచ్చు. ఇద్దరం పగలబడి నవ్వుకున్నాం. ఒకరు గడపకి ఇవతల, ఒకరు అవతల.

ఆ తర్వాతే నేను జీడిగింజ పద్యం రాశాను. ఆ పద్యం ఇది. ఇన్నేళ్ళలో ఎన్నో రాశాను. ఇప్పటికీ నాది అని తలెత్తి చెప్పుకునేది ఇదే.

పండు లోపల దాగక బయట నిలిచి
నిప్పు సెగలకు కాలినన్ నిజము విడదు;
జీడిగింజకు తాతల చింత యేల?
తనదు తీపియె తనకున్న ధనము గాదె!

మాస్టారు మొదటి పాదానికి తాళం మొదలుపెట్టి, మూడో పాదం దగ్గర బెంచీ మీద ఫెడీమని ఒక్క దెబ్బ వేశారు. గిన్నె పడిందేమోనని మరియమ్మగారు పరుగెత్తుకుని వచ్చారు.

"అయిపోనాది. ఇంక నాకాడ మీకు పని నేదు బాబూ" అన్నారు మాస్టారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నాకు సెవుంది గానీ పద్యం కట్టే నోరు నేదు. మీకు నోరొచ్చీసింది."

ఉగాదికి టెక్కలిలో కవుల సభ. పేరు పంపమని ఆయనే పట్టుబట్టారు. ఆ సభకి ఒక పద్ధతి ఉండేది. మొదటిసారి చదివే కవి ముందు గురువుని స్తుతిస్తూ ఒక పద్యం చెప్పాలి. అధ్యక్షులు "మీ గురువుగారిని సభకి చూపించండి" అంటారు. గురువు లేచి వేదిక మీదకి వస్తే, సభ ఇచ్చే శాలువా ఆయన భుజాల మీద శిష్యుడు కప్పుతాడు. కొబ్బరికాయ, తాంబూలం శిష్యుడివి, శాలువా గురువుది. గురువు గతించి ఉంటే శాలువాని ఖాళీ కుర్చీలో ఉంచి, తర్వాత శిష్యుడికే ఇస్తారు. ఈ పద్ధతి మా తాత సావిడిలోనే మొదలైందని టెక్కలిలో పెద్దవాళ్ళు చెప్పుకునేవారు.

నేను గురుస్తుతి రాసుకున్నాను. ఆయనకి వినిపించలేదు. సభలోనే వింటారని. దాని చివరి పాదం: "గురువు యాకోబు పాదాలు కొలిచి నిల్తు." రాసినప్పుడు నా చెయ్యి ఆగలేదు. ఇది మాత్రం నమ్మండి.

ఆ రోజు మాస్టారు గంజి పెట్టిన పంచె కట్టుకున్నారు. కండువా కొత్తది. మరియమ్మగారు గుమ్మంలో నిలబడి కండువా మడతలు సరిచేస్తూ, "శాలువా కప్పితే మడత సెడిపోద్ది, తీసి సేత పట్టుకోండి" అని చెప్పారు. ఆయన "నీకన్నీ ముందే తెలిసిపోతాయే" అని కసిరారు. కసిరారు గానీ నవ్వుతున్నారు. బస్సులో టెక్కలి దాకా నా పద్యమే కూనిరాగం తీశారు. పక్క సీటులో చేపల తట్ట పెట్టుకున్న ముసలమ్మ "ఎవల్ది నాయినా ఆ పాట?" అంటే, నా వైపు వేలు చూపించి, "ఈ బాబుది. మా బాబుది" అన్నారు.

సభ ఒక బడి హాల్లో. ముందు వరసలో నాన్న పాత స్నేహితులు, మా బంధువులు కొందరు. చాలా ఏళ్ళుగా మా ఇంటి వైపు చూడని వాళ్ళు. నన్ను చూసి లేచారు. ఒకాయన నా భుజం పట్టుకుని, "వాసు కొడుకువి కదూ? అచ్చం మీ తాతగారి నిలువు" అన్నారు. అధ్యక్షులు నాన్నతో చదువుకున్నవారు. నన్ను దగ్గరికి పిలిచి, మాస్టారు కూర్చున్న వెనక బెంచీ వైపు చూస్తూ మెల్లగా అడిగారు.

"ఆ మిషను మాస్టారు నీతో వచ్చేడేటి?"

"అవునండి" అన్నాను. "తెలిసిన మనిషండి."

తెలిసిన మనిషి. అక్కడే అయిపోయింది నా పని. మిగతాది జరగవలసిన క్రమంలో జరిగింది.

నా పేరు పిలిచారు. వేదిక ఎక్కాను. గురుస్తుతి మొదలుపెట్టాను. గొంతు బాగా పలికింది. మాస్టారు నేర్పిన విరుపులు, ఆయన నేర్పిన ఊపిరి. చివరి పాదానికి వచ్చాను. ముందు వరస కనపడుతోంది. వెనక బెంచీ కనపడుతోంది. "గురువు" అన్నాను. ఆగాను. ఆ ఆగడం అందరికీ భక్తిగా కనిపించి ఉంటుంది. ఆయన రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించి, లేవడానికి కొంచెం ముందుకి వంగారు.

"గురువు నీలాద్రి పాదాలు కొలిచి నిల్తు."

పద్యం నడక ఎక్కడా తప్పలేదు. తప్పితే బాగుండేది. నోరు తడబడి, పద్యం విరిగి, అవమానం అయి దిగిపోయేవాణ్ణి. ఏమీ కాలేదు. సభ అంతా ఒక్కసారిగా చప్పట్లు. ముందు వరసలో ఒకాయన కళ్ళు తుడుచుకున్నారు. సగం లేచిన మాస్టారు పంచె కుచ్చిళ్ళు సర్దుకుని, అందుకోసమే లేచినట్టు, మళ్ళీ కూర్చున్నారు.

ఖాళీ కుర్చీ తెచ్చి వేశారు. దాని మీద శాలువా పెట్టారు.

నేను ఎందుకలా చేశాను? ఈ ప్రశ్న నన్ను నేను అడిగినన్ని సార్లు ఇంకెవరినీ ఏమీ అడగలేదు. భయమా? భయమే అయితే ఎప్పుడో నన్ను నేను క్షమించుకునేవాణ్ణి. పాదాలు అన్న మాట అడ్డొచ్చిందా? వచ్చే ఉంటుంది. మా ఇంట్లో బొండాం తాగించి పంపిన మనిషి పాదాలు ముందు వరస ఎదట ఎలా కొలవడం? కానీ అదీ పూర్తి నిజం కాదు. పూర్తి నిజం రాయడానికే ఇదంతా మొదలుపెట్టాను కాబట్టి రాస్తాను. ఆ చప్పట్లు మొదలైనప్పుడు నాకు హాయిగా అనిపించింది. సిగ్గు తర్వాత వచ్చింది, చాలా తర్వాత. ముందు వచ్చింది హాయి. ఏళ్ళ తరబడి మా ఇంటికి రానిది ఏదో ఆ హాల్లో తిరిగొచ్చి నా భుజాల మీద కూర్చుంది. దానికోసం నేనేమిచ్చానో చూసుకోలేదు. ఆయన్ని ఇచ్చాను. ఆయన్నొక్కర్నే కాదు. నేను సొంతంగా సంపాదించుకున్న ఒకే ఒక్కదాన్ని తీసుకెళ్ళి, పద్యం వింటూ నిద్రపోయిన మనిషి పేరున రాసేశాను.

ఆ తర్వాత, ఆ ఖాళీ కుర్చీ పక్కన నిలబడి, జీడిగింజ పద్యం చదివాను. మీరు చదివారు కదా ఆ మూడో పాదం. అది చదివాను. గట్టిగా చదివాను. మళ్ళీ చదవమంటే మళ్ళీ చదివాను.

తిరుగు బస్సులో ఇద్దరం పక్కపక్కనే కూర్చున్నాం. మడత విప్పని శాలువా నా ఒళ్ళో ఉంది. చాలాసేపు ఆయన కిటికీలోంచి జీడితోటలు చూశారు. ఎండకి పూత మాడిన వాసన. తర్వాత, నా వైపు తిరగకుండానే అన్నారు.

"ఆ మూడో పాదం బాగా సదివేరు బాబూ."

"మాస్టారూ..."

"బాగా సదివేరు. సెవికింపుగా ఉంది."

నేను ఇంకేదో అనబోయాను. ఆయన చెయ్యెత్తి, "అదిగో, పలాస పొగ కనపడతంది. సామాన్లు సూసుకోండి" అన్నారు. మా దగ్గర సామాన్లేమీ లేవు. శాలువా ఒక్కటే ఉంది.

మరియమ్మగారు అరుగు మీదే ఉన్నారు. ఆవిడ చూపు ముందు ఆయన భుజాల మీదకి వెళ్ళింది, తర్వాత నా చేతిలోకి వచ్చింది.

"ఏటండీ, శాలువా కప్పుకోనేదేటి?"

"ఇంత ఉక్కలో శాలువా ఏటే? నీళ్ళు తే" అని ఆయన లోపలికి వెళ్ళిపోయారు. ఆవిడ నీళ్ళు ముంచడానికి లేచారు. ఆ సాయంత్రం కూడా టీ వచ్చింది. గ్లాసు నా చేతికే ఇచ్చారు.

మరుసటి రోజు పాదం తీసుకుని వెళ్ళాను. విన్నారు. "బాగుంది" అన్నారు. ఆయన వేళ్ళు బెంచీ మీద లేవు, ఒళ్ళో ఉన్నాయి. ఆ రోజు నుంచి నాకు తాళం లేదు. అంతకుముందు "మన పద్యం" అనేవారు. ఇప్పుడు "మీ పద్యం". మందలించలేదు, దూరం పెట్టలేదు. ఆయనకీ గర్వం ఉంది. నా గర్వం కంటే ఎత్తైనది. అడిగి పుచ్చుకునే మనిషి కాదు.

వచ్చే ఉగాదికి సభలో సరిచేస్తాను అనుకున్నాను. అలా అనుకోవడం నాకు బాగా పనికొచ్చింది. ఏడాది పొడుగునా నిద్రపట్టింది. ఆ ఉగాదికి సభ జరగలేదు. ఆ రోజుల్లో మా వైపు కొండల్లోనూ ఉద్దానంలోనూ దొరల మీద తిరుగుబాట్లు, పోలీసు క్యాంపులు. పదిమంది ఒకచోట కూడటమే కష్టం. దొర అన్న మాటని జనం మరో రకంగా పలకడం మొదలుపెట్టారు. అమ్మ భయపడింది. నేను మాత్రం, నా సంగతి తెలిసిన మనిషి ఒక్కరే ఉన్నారని, ఆయన ఎవరికీ చెప్పరని ధైర్యంగా ఉన్నాను. చూశారా, అందులోనూ ఆయన మీదే ఆధారపడ్డాను.

కొన్నేళ్ళకి ఆయన ఆరోగ్యం చెడింది. పని మానుకుని వజ్రపుకొత్తూరు దగ్గర వాళ్ళ ఊరు వెళ్ళిపోయారు. చూడటానికి వెళ్ళాను. కాళ్ళు వాచి ఉన్నాయి, మొహం వాచి ఉంది. మా వైపు అలా పోయేవాళ్ళు అప్పటికే చాలామంది. ఎందుకో ఎవరికీ తెలిసేది కాదు. మంచం కొబ్బరిచెట్ల నీడలో వేశారు. సముద్రం హోరు వినపడుతోంది. గొంతు మాత్రం అలాగే ఉంది.

ఈసారి చెప్పాలని వెళ్ళాను. దారంతా మాటలు కూర్చుకున్నాను. ఆయన నన్ను చూడగానే ముందు అడిగిన మాట ఇది.

"రండి బాబూ. మీ గురువుగారు కులాసాయేనా?"

నాకు అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. మా తాత పోయి అప్పటికి ఎన్నేళ్ళో. మాస్టారు నవ్వుతున్నారు. కళ్ళల్లో నీళ్ళు వచ్చేలా నవ్వుతున్నారు. మరియమ్మగారు నవ్వలేదు.

నేనేం చేశాను? నేను కూడా నవ్వాను. కూర్చుకున్న మాటలన్నీ ఆ నవ్వు కింద దాచేసి, కొబ్బరికాయల ధర గురించి మాట్లాడి, బస్సు టైమైందని లేచాను. వస్తుంటే, "పొద్దుటి పాదం మాననేదు కదా?" అని అడిగారు. మానలేదన్నాను. అది నిజం. మానలేదు. ఈ ఉదయం దాకా మానలేదు. అమ్మ పోయినప్పుడు, కార్ఖానా మూసేసి ఇంట్లో కూర్చోబెట్టినప్పుడు, నన్ను నిలబెట్టింది మా ముత్తాత కాదు, మా తాత కాదు. పొద్దున్నే లేచి, నిన్న నా కళ్ళతో ఏం చూశానని అడుక్కోవడం. ఆ ప్రశ్నకి జవాబు దొరికిన రోజు నేను ఎవరికీ తీసిపోను. ఈ మాట గర్వంగానే రాస్తున్నాను. గర్వం తగ్గించుకోమని మాస్టారు నాకెప్పుడూ చెప్పలేదు. దాన్ని ఎక్కడ నిలబెట్టాలో చెప్పారు.

నేను వెళ్ళి వచ్చిన కొద్ది రోజులకే పోయారు. మరియమ్మగారికి శాలువా ఇవ్వాలని ఎన్నోసార్లు పెట్టె తెరిచాను. ఏమని ఇవ్వను? ఇస్తే ఎందుకో చెప్పాలి. చెప్పకుండా ఇస్తే అది దానం అవుతుంది; మా ఇంటివాళ్ళు చేసిన దానాలు చాలు. ఆవిడ కూడా లేరిప్పుడు.

క్షమించమని నేను అడగడం లేదు. అడగవలసిన మనుషులు లేరు. మిమ్మల్ని అడగడం తేలిక, అందుకే అడగను. మీరు చేయవలసింది ఏమీ లేదు, ఆ రోజు సభలో కూర్చుని ఉంటే ఏం వినేవారో అది వినండి.

"గురువు యాకోబు పాదాలు కొలిచి నిల్తు."

ఇప్పుడే పైకి చదివాను. వీపు నిటారుగానే ఉంది. గొంతు ఎక్కడా ఆగలేదు.

శాలువా ఇంకా నా దగ్గరే ఉంది. తక్కినవి అమ్మాం. జగన్నాథ దొర తోటలు నాన్న అమ్మారు. నీలాద్రి దొర సావిడి తలుపులూ ద్వారబంధమూ, గడపతో సహా, కాశీబుగ్గలో ఒక జీడిపప్పు వ్యాపారికి నేను అమ్మాను.